నాయిస్ ఆల్బమ్‌ను క్యాసెట్‌గానూ డిజిటల్‌గానూ విడుదల చేయడం ఎలా?

"రికార్డింగు సిద్ధంగా ఉంది, దాన్ని బయటకు తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్న ప్రశ్న పాఠకుల నుంచి పదేపదే వస్తోంది. పాటల ఆల్బమ్ విడుదలకు సూచనలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. అయితే నాయిస్‌కూ (హోరు, గరగరలనే సంగీతంగా కూర్చే శైలికీ) ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతానికీ అవి సగం వరకే పనికివస్తాయి. పాటలో గరగర వినిపిస్తే అది లోపమని ఎవరైనా చెప్పగలరు. మన దగ్గర గరగరే సరుకు. కాబట్టి కాపీలు తీసే సంస్థకు గానీ, మాస్టరింగ్ చేసేవారికి గానీ, చివరకు కొని వినేవారికి గానీ ఏది మీరు కావాలని పెట్టినదో, ఏది దారిలో చొరబడినదో తెలిసే వీలు లేదు. అది తెలిసినవారు మీరొక్కరే గనుక ప్రతి దశలోనూ పరీక్షించుకునే భారమూ మీదే అవుతుంది. కింది పద్ధతిలో సగానికి పైగా ఆ పరీక్షల గురించే ఉంటుంది.

ఇక్కడ వివరించేది ఇంట్లోనే తయారుచేసుకోగల చిన్న ఎడిషన్: ఇరవై నుంచి యాభై వరకు క్యాసెట్లు, వాటితోపాటు డిజిటల్ విడుదల. సీడీ, వినైల్ ఎంచుకున్నవారి కోసం చివర కొద్దిగా చెప్పాను.

కావలసినవి

- 24 బిట్ వేవ్ ఫైళ్లుగా సేవ్ చేసిన మిక్స్ (అన్ని శబ్దాలనూ కలిపిన రికార్డింగు). ఎంపీ3 నుంచి మాస్టర్ (కాపీలన్నిటికీ మూలమయ్యే చివరి ఫైలు) తయారుచేయకండి. ఎంపీ3 తాలూకు ఆ నీళ్లలో మునిగినట్టుండే ధ్వనే మీకు కావాలంటే అది వేరే సంగతి.
- ఆడాసిటీ వంటి ఆడియో ఎడిటర్ ఏదైనా సరే, స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ధ్వని ఉందో చూపే చిత్రం) చూపించగలిగితే చాలు.
- ట్రూ పీక్‌ను (తరంగం నిజంగా తాకే గరిష్ఠ స్థాయిని) కూడా కొలిచే లౌడ్‌నెస్ మీటరు.
- హెడ్‌ఫోన్లు, ఒక జత స్పీకర్లు, ఒక ఫోను.
- క్యాసెట్ డెక్. మూడు హెడ్లున్న డెక్ అయితే రికార్డు చేస్తూనే టేపు మీద పడినదాన్ని వినవచ్చు. రెండు హెడ్ల డెక్‌తోనూ పని జరుగుతుంది. కాకపోతే ప్రతిసారీ వెనక్కి తిప్పి వినాలి.
- పరీక్ష కోసం మరో ప్లేయరు. అది ఎంత సాదాసీదాదైతే అంత మంచిది.
- ఖాళీ క్యాసెట్లు, మీకు కావలసినదానికంటే ఐదారు ఎక్కువగా.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది చుట్టిన పుల్లలు.

1. కావాలని పెట్టినవాటి జాబితా రాయండి

ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా వింటూ, కొత్తవారు లోపమని అనుకోదగిన ప్రతి చోటునూ నిమిషాలు, సెకన్లతో సహా రాసుకోండి. "క్యాసెట్ ఏ (A) వైపు 3:10, ఎడమ చానల్ ఎనిమిది సెకన్లు పూర్తిగా ఆగుతుంది, కావాలనే." "బీ (B) వైపు 11:42, డిజిటల్ టిక్కు, కావాలనే." "బీ వైపు 18:05, ఫేడ్ లేకుండా శబ్దం తెగిపోతుంది, కావాలనే." ఇంత వివరం చాలు. రాస్తూ పోతుంటే "ఇది నేను పెట్టిందేనా?" అనిపించే చోట్లు తప్పకుండా తగులుతాయి. అక్కడ ఆగి, అసలు ప్రాజెక్టు ఫైలు తెరిచి, ఆ శబ్దం ఎందులోంచి వస్తున్నదో చూడండి. కేబుల్ కదిలి పుట్టిన టిక్కే అయినా నచ్చితే ఉంచుకోవచ్చు, కానీ అది ఉందని తెలిసి ఉంచాలి.

కాపీలను బయటి సంస్థతో తీయించే పక్షంలో ఈ కాగితాన్ని మాస్టర్‌తోపాటే పంపండి. నాణ్యత చూసే ఉద్యోగికి ఎడమ చానల్ ఆగిపోయినట్టు వినిపిస్తే పని ఆపి మీకు రాస్తారు, అది మేలే. మీకు చెప్పకుండా, మంచి చేస్తున్నామనుకుని దాన్ని సరిచేసి పంపడమే అసలు ప్రమాదం.

2. మీది కానిదాన్ని తీసేయండి

మొదట డీసీ ఆఫ్‌సెట్ చూడండి. ఫీడ్‌బ్యాక్ మిక్సర్లు (అవుట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్‌కే కలిపినవి), సర్క్యూట్ బెండింగ్ చేసిన (లోపలి వైరింగు మార్చిన) పరికరాలు, తరంగంలో ఒక సగాన్నే నొక్కే డిస్టార్షన్ పెడళ్లు వాడే మన రికార్డింగులలో ఇది చాలా తరచుగా కనిపిస్తుంది. ఎడిటర్‌లో బాగా దగ్గరికి జూమ్ చేసినప్పుడు తరంగం సున్నా గీతకు అటూ ఇటూ సమంగా ఊగకుండా, మొత్తంగా పైకో కిందికో జరిగి ఉంటే అదే ఆఫ్‌సెట్. చెవికి అది వినిపించదు గానీ లెవెల్‌కు మిగిలిన చోటును తినేస్తుంది, కోసి అతికిన ప్రతి చోటా టప్పుమనే చప్పుడు పుట్టిస్తుంది. ఎడిటర్‌లోని డీసీ తొలగింపు ఆదేశంతో గానీ, 20 హెర్ట్జ్ దగ్గర పెట్టిన హై పాస్ ఫిల్టర్‌తో (అంతకు కింది ఫ్రీక్వెన్సీలను తీసేసేదానితో) గానీ ఇది పోతుంది.

ఇక్కడొక హెచ్చరిక. గట్టిగా క్లిప్ చేసి, పైభాగం చదునుగా కోసేసినట్టున్న తరంగానికి హై పాస్ వేస్తే ఆ చదును వాలుతుంది, దానితో పీకులు ముందుకంటే పైకి లేస్తాయి. అందువల్ల ముందు ఆఫ్‌సెట్ తొలగింపు, ఆ తరువాతే చివరి క్లిప్పింగ్ అన్న క్రమం తప్పకూడదు. ఇప్పటికే క్లిప్ అయిన ఫైలు మాత్రమే మీ చేతిలో ఉంటే, ముందు దాన్ని 6 డెసిబెల్స్ తగ్గించి ఆపైన ఫిల్టర్ వేయండి.

తరువాత ఆల్బమ్ మొత్తాన్ని మోనోలో వినండి. స్టీరియో వెడల్పు పెంచే ప్లగిన్‌తో తయారైన హోరు, రెండు చానళ్లలో ఒకటి తలకిందులుగా ఉన్నదైతే, మోనోలో దాదాపు మాయమవుతుంది. ఒకే స్పీకరున్న ఫోనులో వినేవారికి అది అసలు వినిపించదు. ఆ మాయమవడం మీకు సమ్మతమైతే జాబితాలో చేర్చండి; కాకపోతే మిక్స్‌కు తిరిగి వెళ్లండి.

3. లెవెల్ నిర్ణయించండి

వినే స్థాయి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే నాయిస్ మాస్టరింగ్‌లో చెవులు పాడయ్యే దశ ఇదే. అమెరికాలోని వృత్తి భద్రతా సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు పరిమితి. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ కాలం సగమవుతుంది: 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు గంటలు. పాటలో అక్కడక్కడా నిశ్శబ్దం దొరికినట్టు నాయిస్‌లో చెవికి విశ్రాంతి దొరకదు. తక్కువ స్థాయిలో పనిచేయండి. గట్టిగా వినవలసి వస్తే ఒకటి రెండు నిమిషాలు విని ఆపేయండి. స్పీకర్లకూ ఇదే వర్తిస్తుంది. ఎడతెగని హై ఫ్రీక్వెన్సీ హోరును పెద్దగా పెట్టి వదిలేస్తే ట్వీటరు కాయిల్ వేడెక్కి కాలిపోతుంది.

క్లిప్పింగ్ మీకు కావాలంటే సందేహించకుండా చేయండి, కానీ ప్రాజెక్టు లోపలే చేసి, ఆ తరువాత ఫైలు మొత్తాన్ని కిందికి దించండి. క్లిప్ అయిన ధ్వని −2 డెసిబెల్స్ దగ్గర ఉన్నా అదే కరుకుతనంతో ఉంటుంది. ఫైలును సరిగ్గా 0 దగ్గర (డిజిటల్ ఫైలు పట్టగల గరిష్ఠ స్థాయి) వదిలేస్తే మాత్రం ఎంపీ3గా మారేటప్పుడు పీకులు 0 దాటి, వినేవారి పరికరంలో మీరు వేయని రెండో క్లిప్పింగ్ మొదలవుతుంది. మామూలు సంగీతానికి ట్రూ పీక్ −1 దగ్గర ఆపమంటారు. చదునుగా కోసిన తరంగాలు మార్పిడిలో ఇంకా ఎక్కువ ఎగురుతాయి కాబట్టి హార్ష్ నాయిస్‌కు −2 లేదా −3 పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

లౌడ్‌నెస్ మీటరు మీద −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే సగటు గట్టిదనపు కొలత) రావాలని చాలామంది కంగారుపడతారు. స్పాటిఫై మామూలు సెట్టింగులో ధ్వనిని ఆ స్థాయికి సర్దుతుంది, అంతకుమించి అది నియమం కాదు. మీ ట్రాకు −4 ఉంటే అక్కడ 10 డెసిబెల్స్ తగ్గించి వినిపిస్తారు, అంతే. అంటే అందరికంటే గట్టిగా ఉండాలని పిండిన శ్రమకు అక్కడ ఫలితం లేదు. ఆల్బమ్ లోపల మెల్లనిదానికీ పెద్దదానికీ మధ్య తేడా ఉంచుకుంటే అదే వినేవారిని తాకుతుంది. అన్నట్టు, స్టీరియోలో గట్టిగా క్లిప్ చేసిన, అన్ని ఫ్రీక్వెన్సీలూ నిండిన నాయిస్‌కు ఈ మీటరు సున్నాకు పైన కూడా చూపించగలదు. మీటరు చెడిపోలేదు, రెండు చానళ్లనూ కలిపి, హై ఫ్రీక్వెన్సీలకు ఎక్కువ బరువిచ్చి కొలుస్తుంది గనుక అలా వస్తుంది.

4. ఆల్బమ్‌ను రెండు వైపులకు పంచండి

సీ60 అంటే వైపుకు 30 నిమిషాలు. అలాగని 30 నిమిషాల ధ్వనిని పెట్టకండి. డెక్ వేగం ఒక్క శాతం ఎక్కువగా ఉన్నా అరగంటలో 18 సెకన్ల టేపు అదనంగా ఖర్చవుతుంది; మొదట్లో అయస్కాంత పూత లేని లీడర్ టేపు మరికొన్ని సెకన్లు తీసుకుంటుంది. వైపుకు 29 నిమిషాలు మించకుండా చూసుకోండి. మీ నిడివి 22 నిమిషాలైతే సీ60 కొని ఎనిమిది నిమిషాల ఖాళీ వదలడం కంటే, అడిగిన నిడివికి టేపు చుట్టి ఇచ్చే సరఫరాదారు దగ్గర సీ46 తీసుకోవడం మేలు. ఖాళీ మిగిలితే వినేవారు టేపు తెగిందో అయిపోయిందో తెలియక ఎదురుచూస్తారు.

సీ90, సీ120 టేపులు పలుచన. పలుచని టేపులో ప్రింట్ త్రూ ఎక్కువ, అంటే చుట్ట మీద ఒక పొరలో ఉన్న పెద్ద ధ్వని పక్క పొరకు సన్నగా అంటుకుంటుంది. మామూలు పాటలో ఇది ఎవరికీ తెలియదు. పది నిమిషాల హోరు ఒక్కసారిగా తెగి పూర్తి నిశ్శబ్దం మొదలయ్యే చోట మాత్రం ఆ హోరు నీడ స్పష్టంగా వినిపిస్తుంది. అలాంటి కోతలున్న ఆల్బమ్‌కు సీ60 లేదా అంతకంటే చిన్నదే వాడండి.

5. పరీక్ష క్యాసెట్ తీయండి

ఈ దశకు ఒక సాయంత్రమంతా కేటాయించండి. క్యాసెట్ మీద నాయిస్ ఎలా మారుతుందో ఇక్కడే తెలుస్తుంది, మారినదాన్ని సరిచేసుకునే అవకాశమూ ఇక్కడే ఉంటుంది.

ముందు హెడ్లనూ టేపు తాకే లోహ భాగాలనూ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు రోలర్‌కు అది ఎక్కువగా తగలనివ్వకండి, రబ్బరు ఎండిపోతుంది. డెక్ మీద టేపు రకాన్ని సరిగ్గా ఎంచుకోండి: మామూలు ఫెర్రిక్ టేపు టైప్ 1, క్రోమ్ రకం టైప్ 2. డాల్బీని పూర్తిగా ఆపేయండి. డాల్బీతో రికార్డు చేసిన టేపును అది లేని ప్లేయరులో వింటే హై ఫ్రీక్వెన్సీలు అసహజంగా పైకి లేస్తాయి. ఇవాళ వినేవారి దగ్గరున్న చాలా ప్లేయర్లలో డాల్బీ లేదు. పైగా టేపు బుస తగ్గించడానికి పుట్టిన ఏర్పాటుతో హోరు ఆల్బమ్‌కు ఒరిగేదేమిటో నాకు అర్థం కాదు.

ఇప్పుడు ఎడిటర్‌లో ఒక నిమిషం వైట్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ సమంగా ఉన్న హోరు) తయారుచేసి, మొదట మీటరు 0 దగ్గర, తరువాత −20 దగ్గర రికార్డు చేయండి. రెండింటినీ కంప్యూటరులోకి తిరిగి తీసుకుని స్పెక్ట్రోగ్రామ్‌లో పక్కపక్కన పెట్టి చూడండి. −20 దగ్గర పై అంచు వరకు నిండుగా ఉన్న పట్టీ, 0 దగ్గర పైభాగంలో మసకబారి కుంగిపోయి కనిపిస్తుంది. క్యాసెట్ టేపు హై ఫ్రీక్వెన్సీల దగ్గర త్వరగా నిండిపోతుంది, ఆపైన ఎంత తోసినా అక్కడ ధ్వని పెరగకపోగా తగ్గుతుంది. డెక్ పెట్టె మీద అచ్చయ్యే ఫ్రీక్వెన్సీ శ్రేణిని సాధారణంగా −20 దగ్గరే కొలుస్తారు కాబట్టి ఆ అంకెలు చూసి మోసపోకండి.

అయితే ఏ లెవెల్ పెట్టాలి? మీ ఆల్బమ్‌లో అతి కీచుగా ఉన్న రెండు నిమిషాలూ, అతి బరువుగా ఉన్న రెండు నిమిషాలూ ఎంచుకుని −6, −3, 0, +3 దగ్గర వరుసగా రికార్డు చేయండి. మూడు హెడ్ల డెక్ అయితే టేప్, సోర్స్ మీటను అటూ ఇటూ మారుస్తూ పోల్చండి. కీచుదనం మొద్దుబారడం ఎక్కడ మొదలవుతుందో అక్కడి నుంచి ఒక మెట్టు కిందికి దిగండి. లో ఫ్రీక్వెన్సీ డ్రోన్లయితే (ఎడతెగకుండా సాగే స్వరాలు) పైకి తోసినకొద్దీ చిక్కబడి బాగుంటాయి కూడా. కీచుదనం మొద్దుబారడమే మీకు నచ్చితే అదీ సరైన నిర్ణయమే, మీ జాబితాలో ఒక గీత చేర్చండి.

ఆ పరీక్ష టేపును రెండో ప్లేయరులో వినండి. మొదటి డెక్‌లో స్పష్టంగా ఉండి రెండోదాంట్లో మందంగా వినిపిస్తే రెండింటిలో ఒకదాని హెడ్ కోణం, అంటే అజిమత్, తేడాగా ఉంది. తప్పు ఎవరిదో తెలియాలంటే ఏదైనా సంస్థ తయారుచేసి అమ్మిన సంగీత క్యాసెట్ ఒకటి రెండింటిలోనూ పెట్టి చూడండి. అది ఎందులో మందంగా ఉంటే లోపం దానిదే. రికార్డు చేసే డెక్‌దే తప్పయితే బాగుచేయించకుండా ఒక్క కాపీ కూడా తీయకండి. లేకపోతే మీ ఆల్బమ్ మీ డెక్‌లో మాత్రమే సరిగ్గా వినిపించే వస్తువవుతుంది.

6. కాపీలు తీయండి

ప్రతి కాపీనీ కంప్యూటరు నుంచి నేరుగా, మామూలు వేగంలో రికార్డు చేయండి. జంట డెక్‌లోని హై స్పీడ్ డబ్బింగ్ వాడితే హై ఫ్రీక్వెన్సీలు పోతాయి, పైగా టేపు నుంచి టేపుకు తీసేది రెండో తరం కాపీ అవుతుంది. ఒకే డెక్‌తో యాభై సీ60లు తీయాలంటే యాభై గంటలు పడుతుంది. ఆ లెక్క చూసుకున్నాకే ఎడిషన్ సంఖ్య ప్రకటించండి. ప్రతి పది గంటలకు హెడ్లు తుడవండి.

రికార్డింగుకు ముందు చక్రంలో పెన్సిల్ పెట్టి తిప్పుతూ, లీడర్ దాటి గోధుమరంగు టేపు కిటికీ అంచున కనిపించే వరకు తేండి. ఇది చేయకపోతే మొదటి కొన్ని సెకన్లు ఎగిరిపోతాయి. ధ్వని నిశ్శబ్దం నుంచి మెల్లగా లేస్తే ఫరవాలేదు, మొదటి క్షణమే విరుచుకుపడే ట్రాకుకు మాత్రం ఆ ఆరంభమే పోతుంది. కంప్యూటరులో నోటిఫికేషన్ శబ్దాలన్నీ ఆపేయండి. నాయిస్ మధ్యలో పడిన ఒక టింగుమనే శబ్దాన్ని మీరు పట్టుకోలేకపోవచ్చు; కొన్నవారు అది కూర్పులో భాగమేననుకుని మెచ్చుకుంటారు, అది మరీ ఇబ్బంది. పని ముగిసిన క్యాసెట్లకు పైనున్న రెండు ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి, పొరపాటున చెరిగిపోకుండా ఉంటాయి.

ప్రతి కాపీనీ పూర్తిగా వినడం సాధ్యం కాదు. ఒక్కోదానిలో ఆరంభం, మధ్య, చివరి నిమిషం రెండు వైపులా వినండి. మీ జాబితా నుంచి ఒక ఆనవాలు, ఉదాహరణకు 3:10 దగ్గర ఎడమ చానల్ ఆగడం, సరిగ్గా ఉందో లేదో చూడండి. ఆగింది కుడి చానల్ అయితే కేబుళ్లు తారుమారయ్యాయి. ఇంత చిన్న పరీక్షకు ఈ రకం సంగీతంలో చాలా విలువ ఉంది, ఎందుకంటే ఎడమ కుడి మారిపోయినా మరే విధంగానూ బయటపడదు.

ప్రత్యామ్నాయం: వాడిన పాత క్యాసెట్ల మీదే రికార్డు చేయవచ్చు. అమెరికాలోని ఆర్‌ఆర్‌రికార్డ్స్ లేబుల్ పాత క్యాసెట్ల మీద నాయిస్ రికార్డు చేసి, పైన టేపు అంటించి చేత్తో పేరు రాసి ఏళ్ల తరబడి ఒక వరుసగా అమ్మింది. విరిగిన రెక్కల రంధ్రాలను సెల్లో టేపుతో మూస్తే డెక్ రికార్డు చేస్తుంది. టైప్ 2 క్యాసెట్‌లో పక్కనే ఉండే మరో జత గుంటలు రకాన్ని గుర్తించడానికి ఉన్నవి, వాటిని మూయకండి. పాత టేపుల నిడివి ఒక్కోటీ ఒక్కోలా ఉంటుంది, పాత రికార్డింగు ఛాయ కూడా అక్కడక్కడా మిగలవచ్చు. ఆ రెండింటికీ సిద్ధమైతేనే ఈ దారి ఎంచుకోండి.

7. కవరు, సంఖ్య, పేర్లు

పరీక్ష క్యాసెట్ నచ్చే వరకు కవరు ముద్రించకండి. నిడివి మారవచ్చు, ట్రాకుల క్రమమూ మారవచ్చు. జే కార్డు (పెట్టెలో మడిచి పెట్టే కవరు కాగితం) కొలతలను మీరు కొన్న పెట్టెకే స్కేలు పెట్టి కొలిచి తీసుకోండి. 300 డీపీఐ, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) ఉండేలా ఫైలు చేసి, ముందు మామూలు కాగితం మీద ఒకటి ముద్రించి, మడిచి, పెట్టెలో పెట్టి మూసి చూడండి. వెన్ను మీద అక్షరాలు మడతలోకి పోయే తప్పు ఇక్కడే కనిపిస్తుంది.

ప్రతి విడుదలకూ ఒక కేటలాగు సంఖ్య పెట్టండి: లేబుల్ పేరు నుంచి రెండు మూడు అక్షరాలు, ఆపైన మూడంకెలు. వెన్ను మీద, క్యాసెట్ మీద, డిజిటల్ పేజీలో అది ఒకేలా ఉండాలి. 2000లో ఎలక్ట్రానిక్ సంగీతపు రికార్డుల జాబితాగా మొదలైన డిస్కాగ్స్‌లో సేకర్తలు వస్తువు మీద ఏముంటే అదే నమోదు చేస్తారు. మీరు ఒకచోట గీత పెట్టి మరోచోట వదిలేస్తే అది అలాగే ఎక్కుతుంది.

8. మీవి కాని శబ్దాలు

రేడియో ముక్కలు, సినిమా సంభాషణలు, ఇతరుల ఫీల్డ్ రికార్డింగులు వాడి ఉంటే ఇప్పుడే లెక్క తేల్చుకోండి. శబ్దాలను పంచుకునే వెబ్‌సైటు ఫ్రీసౌండ్‌లో ఒక్కో శబ్దానికి ఒక్కో క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సు ఉంటుంది. సీసీ0 అయితే షరతు లేదు, సీసీ బై అయితే కవరు మీద గానీ పేజీలో గానీ పేరు చెప్పాలి, దానికి ఎన్‌సీ తోడైతే వాణిజ్యానికి వాడకూడదు. గుర్తుపట్టలేనంతగా నలిపేశాం కదా అన్న వాదన మీద ఆధారపడకండి.

9. డిజిటల్ ఫైళ్లు

44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ నిమిషానికి సుమారు 16 మెగాబైట్లు. అరగంట ట్రాకు 476 మెగాబైట్ల దాకా వస్తుంది. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌గా మారిస్తే సగానికి దగ్గరగా తగ్గుతుందని అందరూ అంటారు, మామూలు సంగీతానికి అది నిజం కూడా. నాయిస్ తగ్గదు. తరువాత రాబోయే శాంపిల్‌ను ఊహించడం ద్వారానే ఫ్లాక్ కుదిస్తుంది, వైట్ నాయిస్‌లో ఊహించడానికి ఏమీ ఉండదు. అప్‌లోడు పరిమితి దాటితే 16 బిట్‌కు మార్చండి, అరగంటకు సుమారు 318 మెగాబైట్లవుతుంది. ఎడతెగని హోరులో ఈ మార్పు చెవికి తెలియదు. చాలా మెల్లగా ముగిసే ఫేడ్లుంటే మాత్రం డిథర్ (మార్పిడి వికృతిని కప్పే అతి సన్నని హోరు) వేసి మార్చండి. పొడవైన ట్రాకును ముక్కలు చేయడం ఆఖరి మార్గం, ఎందుకంటే వెబ్ ప్లేయర్లలో ముక్కకూ ముక్కకూ మధ్య ఖాళీ వినిపించవచ్చు.

సంగీతకారులు తమ ఆల్బమ్‌లను నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ పేజీలో వినిపించేది 128 కేబీపీఎస్ ఎంపీ3. అప్‌లోడు చేసే ముందు మీరే ఆ స్థాయి ఎంపీ3 తయారుచేసి వినండి. ఎంపీ3కి అన్నిటికంటే కష్టమైన సరుకు విశాలమైన స్టీరియో హోరే. ఇసుక జల్లుతున్నట్టుండే ధ్వని బుడబుడమని తిరుగుతున్నట్టు వినిపిస్తే, ఆ భాగంలో హై ఫ్రీక్వెన్సీల స్టీరియో వెడల్పు కాస్త తగ్గించి మళ్లీ ప్రయత్నించండి. మాస్టర్‌ను ముట్టుకోవడం ఇష్టం లేకపోతే, పూర్తి నాణ్యత డౌన్‌లోడులో ఉందని పేజీలో ఒక వాక్యం రాస్తే చాలు. డౌన్‌లోడు కోడ్లు తీసి క్యాసెట్ పెట్టెల్లో చీటీలుగా పెట్టవచ్చు. ముఖచిత్రం చతురస్రంగా, 3000 పిక్సెళ్ల వెడల్పుతో సిద్ధం చేసుకుంటే దాదాపు ఎక్కడైనా సరిపోతుంది.

స్ట్రీమింగ్ సేవలకు కూడా పంపదలిస్తే శైలి గడిలో ఏం రాస్తున్నారో చూసుకోండి. వైట్ నాయిస్, ప్రకృతి ధ్వనులు, యంత్రాల చప్పుళ్ల వంటి నేపథ్య శబ్దాలకు స్పాటిఫై 2023 చివర్లో వేరే నియమాలు ప్రకటించింది: అవి రెండు నిమిషాలకు తగ్గితే రాయల్టీకి అర్హం కావు. నిద్రపుచ్చే ఫ్యాను చప్పుడు వరుసలో మీ ఆల్బమ్ పడకుండా ప్రయోగాత్మక లేదా ఎలక్ట్రానిక్ అనే శైలిని ఎంచుకోండి, ట్రాకు పేరు "వైట్ నాయిస్ 4" వంటిదిగా పెట్టకండి.

10. అప్‌లోడు అయినదాన్ని రద్దు పరీక్షతో సరిచూడండి

రెండు హోరులు ఒకటేనా కావా అన్నది చెవితో తేల్చలేరు. పేజీని ఇంకా ప్రైవేటుగా ఉంచి, అక్కడి నుంచి ఫ్లాక్‌ను డౌన్‌లోడు చేసి, మీ మాస్టర్‌తోపాటు ఎడిటర్‌లో రెండు ట్రాకులుగా తెరవండి. మొదటి శాంపిల్ దగ్గర కలిసేలా అమర్చి, ఒకదాని తరంగాన్ని ఇన్వర్ట్ చేసి (తలకిందులు చేసి), రెండూ కలిపి కొత్త ట్రాకుగా మిక్స్ చేయండి. రెండూ ఒకటే అయితే మిగిలేది సంపూర్ణ నిశ్శబ్దం. −90 డెసిబెల్స్ ప్రాంతంలో సన్నని బుస మిగిలితే ఒకటి 24 బిట్, మరొకటి 16 బిట్ అని అర్థం. ఏమీ రద్దు కాకపోతే కంగారుపడకుండా ముందు అమరిక చూడండి. ఒక్క శాంపిల్ అటూ ఇటూ అయినా వైట్ నాయిస్ రద్దు కాదు సరికదా, ఇంకో 3 డెసిబెల్స్ పెరుగుతుంది. అమరిక సరిగ్గా ఉండి కూడా రద్దు కాకపోతే మీరు పాత మిక్స్ అప్‌లోడు చేశారు. ఈ పరీక్ష క్యాసెట్‌కు పనిచేయదు, టేపు వేగంలోని సన్నని ఊగిసలాట వల్ల రెండూ ఎప్పటికీ కలవవు.

ఎక్కువమంది తప్పటడుగు వేసే చోట్లు

క్యాసెట్‌కూ డిజిటల్‌కూ ఒకే మాస్టర్ వాడటం అన్నిటికంటే సాధారణం. క్యాసెట్ మాస్టర్‌లో హై ఫ్రీక్వెన్సీలను రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి ఇస్తే టేపు మీద విచిత్రంగా ముందుకంటే ఎక్కువ స్పష్టత వస్తుంది, ఎందుకంటే టేపు నిండిపోదు. ప్రయత్నించి చూడండి.

రెండోది, స్టూడియో స్పీకర్ల మీద గట్టిగా విని మాత్రమే తీర్పు ఇవ్వడం. గట్టిగా వింటే ప్రతి హోరూ గొప్పగానే ఉంటుంది. పక్క గదిలో మాటలు వినిపించేంత మెల్లగా పెట్టి వినండి. అప్పుడు కూడా లోపల కదలిక తెలుస్తుంటే ట్రాకు నిలుస్తుంది.

ఫైళ్ల పేర్లలో "ఫైనల్", "ఫైనల్ 2" అని పెట్టడం ఇంకొకటి. తేదీ, కేటలాగు సంఖ్య, వైపు, బిట్ లోతు వరుసగా రాయండి.

సీడీ, వినైల్ ఎంచుకుంటే

సీడీకి 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. సాధారణ సీడీ ఆర్‌లో 80 నిమిషాలు, అత్యధికంగా 99 ట్రాకులు పడతాయి. బర్న్ చేసే సాఫ్ట్‌వేర్ ట్రాకుల మధ్య తనంతట తాను రెండు సెకన్ల ఖాళీ పెట్టకుండా చూడండి, డిస్క్ అంతటినీ ఒకే విడతలో రాసే డిస్క్ ఎట్ వన్స్ పద్ధతి ఎంచుకోండి. బర్న్ చేసిన సీడీ నుంచి ధ్వనిని తిరిగి తీసి, అమరిక జాగ్రత్తగా సరిచేసి, పైన చెప్పిన రద్దు పరీక్షే చేయవచ్చు.

వినైల్‌ను మొదటి విడుదలకు నేను సిఫారసు చేయను. 12 అంగుళాల రికార్డు 33⅓ వేగంలో వైపుకు సుమారు 20 నిమిషాలు దాటితే లెవెల్ తగ్గించక తప్పదు. ఎడతెగని హై ఫ్రీక్వెన్సీలు కటింగ్ హెడ్‌ను వేడెక్కిస్తాయి కాబట్టి ఇంజనీరు వాటిని కత్తిరిస్తారు, ఎడమ కుడి తలకిందులుగా ఉన్న లో ఫ్రీక్వెన్సీలు గాడిని పలుచన చేసి సూదిని ఎగరేస్తాయి కాబట్టి వాటిని మోనో చేస్తారు. ఆ రెండు పనులూ మిక్స్‌లో మీరే ముందుగా చేసి పంపితే ఎంత తగ్గించాలో మీ చేతిలో ఉంటుంది. ట్రాకు చివర లాక్డ్ గ్రూవ్ (సూది ఒకే చుట్టులో తిరుగుతూ ఉండే గాడి) కావాలంటే లూప్ నిడివి సరిగ్గా 1.8 సెకన్లు ఉండాలి, 33⅓ వేగంలో ఒక చుట్టుకు పట్టే కాలం అదే. 45 వేగమైతే అది 1.33 సెకన్లు. లూప్ ఎక్కడ మొదలవ్వాలో కాగితం మీద రాసి ఇచ్చి, టెస్ట్ ప్రెస్సింగ్ (పరీక్ష కాపీ) వచ్చాక దాన్ని కనీసం ఐదు నిమిషాలు తిరగనిచ్చి, సూది గాడి దాటడం లేదని చూసుకున్నాకే ముద్రణకు అంగీకారం తెలపండి.